వానాకాలంలో ఆగిపోయే అంకెలు

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచా వైపు పొలాల కొలతలకు ఇప్పుడు గొలుసు బదులు రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే పరికరం) వస్తోంది. గట్టు మీద కర్ర నిలబెడితే నిమిషాల్లో అంకె చెబుతుంది. సాత్‌బారా (7/12 భూమి రికార్డు)లో రాసిన దానికీ ఆ అంకెకూ తేడా వచ్చిందంటే టెన్షన్ మొదలు. అయితే రోవర్ ఒంటరిగా లెక్క కట్టదు. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా పెట్టిన శాశ్వత స్టేషన్ల నుంచి సవరణలు అందుకుంటుంది. ఆ స్టేషన్ ఎక్కడుందో ఎంత కచ్చితంగా తెలిస్తే, రోవర్ మాటకు అంత విలువ.

1802లో మద్రాసు దగ్గర కొలత మొదలుపెట్టి, 1823లో వార్ధా వైపు హింగన్‌ఘాట్‌లో కన్నుమూసిన బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్‌కు బిందువంటే కదలనిది. జీపీఎస్ వచ్చాక భారతదేశాన్ని మోసే భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరగడం నేరుగా కొలతల్లోనే కనబడింది. పొలమూ స్టేషనూ కలిసే జరుగుతాయి కాబట్టి గట్టు తగాదాకు దానితో పెద్ద పేచీ లేదు. చిక్కంతా మిగతావాటితోనే. వాననీటి బరువుకు నేల కుంగి, వేసవికి మళ్లీ లేస్తుంది. బంగ్లాదేశ్‌లో ఈ ఊపు కొన్ని సెంటీమీటర్లు ఉంటుంది. ఉపగ్రహ కక్ష్యల లెక్కలో పొరపాటుంటే ఒక ప్రాంతంలోని స్టేషన్లన్నీ ఒకేసారి ఒకే వైపు జరిగినట్టు కనిపిస్తాయి. యాంటెన్నా మారిస్తే అంకె గెంతుతుంది.

నేల అసలు కదలిక నుంచి వీటిని విడదీసే పని కాలిఫోర్నియాలో ఊపందుకుంది. 1992 లాండర్స్ భూకంపపు కదలికను తేల్చడానికి వ్డోవిన్‌స్కీ బృందం 1997లో స్టేషన్లన్నిటి తేడాల సగటు తీసి, ఆ ఉమ్మడి దోషాన్ని తీసేసింది. 2006లో డాంగ్ బృందం, స్టేషన్లన్నిటిలో కలిసి కనిపించే మార్పును వేరుచేసే ప్రిన్సిపల్ కాంపొనెంట్ పద్ధతి తెచ్చింది. లెక్క చక్కనిదే, కానీ దానికి ప్రతి స్టేషన్‌ నుంచీ ప్రతి రోజు అంకె కావాలి.

మరి అంకె ఆగేది ఎప్పుడు? పిడుగు పడ్డప్పుడు, కరెంటు పోయి బ్యాటరీ అయిపోయినప్పుడు, నెట్ తెగినప్పుడు. ఇవన్నీ వానాకాలపు కష్టాలే. అంటే నేల బాగా కుంగిన రోజులే రికార్డులో ఉండవు. అటూ ఇటూ ఉన్న అంకెల మధ్య గీత గీసి పూడిస్తే, వెతుకుతున్న కుంగుబాటునే మనం చెరిపేసినట్టు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే తప్పు.

2001లో షోల్‌హామర్ సింగ్యులర్ స్పెక్ట్రమ్ విశ్లేషణను (రికార్డులో దాగిన ఊపులను వెతికే పద్ధతి) ఖాళీలు పూడ్చకుండా, ఉన్న అంకెల జతలతోనే నడిపి చూపాడు. 2016లో గ్వాలండి బృందం ఇండిపెండెంట్ కాంపొనెంట్ పద్ధతిని (కలిసిపోయిన కారణాలను వేటికవి విడదీసేది) ఖాళీలున్న రికార్డులకూ పనికొచ్చేలా మలిచింది. ప్రాణహితకు ఇవతలి స్టేషన్ ఆగిన రోజుల్లో తెలంగాణ వైపుది నడుస్తుంటే, అది ఆసరా ఇస్తుంది. ఒకే వానకు రెండూ ఆగితే ఏ పద్ధతికీ చిక్కేదేమీ ఉండదు.