క్లాసు రాయడం వచ్చు, డిజైన్ చేయడం రాదు: ఈ చదువు ఇలా ఎందుకు తయారైంది?

ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) కాన్సెప్టులు అడగ్గానే ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ గడగడా వచ్చేస్తాయి. క్లాసు అంటే ప్రోగ్రాంలో అచ్చులాంటిది, దాంతో పోసిన ఒక్కో వస్తువు ఆబ్జెక్టు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కి ఏయే క్లాసులు కావాలో బోర్డు మీద గీయమంటే మాత్రం మార్కర్ కదలదు. తప్పు పిల్లలది కాదు, పాఠం వాళ్లదాకా వచ్చిన దారిది.

క్లాసు, ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు గుణాలు ఇంకో క్లాసుకి వారసత్వంగా రావడం) అనే ఆలోచనలు నార్వే రాజధాని ఓస్లోలో పుట్టాయి. అక్కడి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో డాల్, నీగార్డ్ తయారు చేసిన సిములా 67 భాషకి మూలం సిమ్యులేషన్, అంటే నిజ జీవితంలో జరిగేదాన్ని కంప్యూటర్లో నడిపి చూడటం. 1970ల్లో అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో అలన్ కే బృందం స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషని ఏకంగా బడి పిల్లల మీదే ప్రయోగించి చూసింది. ఆ బృందంలోని అడెల్ గోల్డ్‌బర్గ్ పాఠంలో తెర మీద ‘జో’ అనే పెట్టె ఉండేది. పెరగమని చెబితే పెరిగేది, తిరగమంటే తిరిగేది. ‘జిల్’ అని ఇంకో పెట్టెని పుట్టిస్తే అది తన లెక్కన తాను నడిచేది. నిర్వచనం ఒక్కటీ చెప్పకుండానే క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా కళ్లముందు కనిపించేది.

1985లో మార్కెట్లోకి వచ్చిన సీ ప్లస్ ప్లస్‌తో కథ మారింది. అప్పటికే సీ భాష వచ్చినవాళ్లకి అది సులువు, కంపెనీలకీ నచ్చింది. కానీ పుస్తకాల్లో ముందు సీ, సగం అయ్యాక క్లాసులు అనే వరస స్థిరపడింది. మన ఇంజినీరింగ్ ల్యాబుల్లో టర్బో సీ ప్లస్ ప్లస్ నీలం తెర, మొదటి లైనులోనే తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ ఆదేశం. 1998లో భాషకి అధికారిక ప్రమాణం వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా అంతకుముందరి కంపైలర్ (ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) మీదే రికార్డులు రాశారు. ఆ తెర మీద ఏ పెట్టే పెరగదు, తిరగదు. ఇక మిగిలేది బట్టీయే.

వేరే దారి లేక కాదు. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్) కార్డులు ప్రతిపాదించారు. చిన్న అట్టముక్క మీద పైన క్లాసు పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది ఎవరి సాయం తీసుకుంటుందో రాయాలి. తలా ఒక కార్డు పట్టుకుని ప్రోగ్రాం నడిచే తీరుని నాటకంలా ఆడి చూడొచ్చు. పైసా ఖర్చు లేని పద్ధతి. అయినా మన క్లాసురూముల్లో అరుదు, పరీక్షలో దీనికి మార్కులు వేయడం కష్టం మరి!

కాంపోనెంట్ల సంగతి ఇంకా పాతది. 1968లో జర్మనీలోని గార్మిష్ సదస్సులోనే, సాఫ్ట్‌వేర్‌ని కూడా రెడీమేడ్ విడిభాగాలతో కట్టాలని డగ్ మెక్‌ఇల్‌రాయ్ వాదించాడు. తర్వాత అలా విడిభాగాలతో కట్టడానికి కోర్బా, కామ్, జావాబీన్స్ అనే పద్ధతులు వచ్చాయి. మన దగ్గర ఆ చదువు అమీర్‌పేటకి చేరింది. కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ప్రింగ్, హైబర్నేట్ అనే రెడీమేడ్ జావా సరంజామా, చేతిలో జెరాక్స్ మెటీరియల్. ఉద్యోగాలు తెప్పించిన చదువే, దాన్ని చిన్నచూపు చూడలేం. కాకపోతే అక్కడ నేర్పింది భాగాలని బిగించడం. భాగాన్ని ఎక్కడ విడగొట్టాలన్న ప్రశ్నకి బ్యాచ్‌లో టైమ్ ఉండేది కాదు.

జావాలో ఇంకో చిక్కు. ప్రోగ్రాం నడక మొదలయ్యే ‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్’ అనే లైనుని అర్థం కాకుండానే కాపీ కొట్టడంతో మొదటి రోజు మొదలవుతుంది. 1999లో వచ్చిన బ్లూజే అనే జావా నేర్పే సాఫ్ట్‌వేర్ ఈ ముడిని పక్కకి జరిపింది. క్లాసు బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఆబ్జెక్టుని పుట్టించి, మెథడ్‌ని (అది చేసే పనిని) నేరుగా పిలవొచ్చు, మెయిన్ అక్కర్లేదు. జావా భాషే ఆ లైనుని కుదించడానికి 2025 సెప్టెంబరులో వచ్చిన 25వ వెర్షన్ దాకా పట్టింది.