లేత ద్రాక్ష తోట, పైన డ్రోన్: అపోహలు - వాస్తవాలు

పాలమూరు వైపు ద్రాక్ష తోటలపై డ్రోన్ ఎగరేసి, మ్యాపు తీసి రైతు చేతిలో పెట్టడం నా పని. కాపుకొచ్చిన తోట వేరు, నాటి ఏడాది కూడా కాని తోట వేరు. పందిరి అల్లుకున్నాక పైనుంచి చూస్తే అంతా ఆకే. లేత తోటలో ఎక్కువగా కనిపించేది ఎర్ర చెల్క నేల. ఈ తేడా తెలియక చాలామంది మ్యాపును తప్పుగా చదువుతున్నారు, అవసరం లేని మందులు కొంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మ్యాపులో పచ్చగా ఉంటే మొక్క బాగున్నట్టే.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. అది -1 నుంచి 1 మధ్య ఉంటుంది. అక్కడ పచ్చని ఆకు ఎంత ఉందో చెబుతుంది కానీ, అది ఏ మొక్క ఆకో చెప్పదు. గరిక, తుంగ కూడా పచ్చగానే ఉంటాయి. వాన పడ్డాక కలుపు తీయకుండా ఎగరేస్తే మొత్తం తోట బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

కలుపు కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి రూట్‌స్టాక్ (అంటు కట్టడానికి కింద వాడే వేరు మొక్క) పిలకలు. నీటి ఎద్దడిని, ఉప్పు నీటిని తట్టుకుంటుందని డాగ్‌రిడ్జ్ అనే రూట్‌స్టాక్ మీద అంటు కడతాం. అంటు కింద నుంచి దాని పిలకలు లేస్తే అవి ఏపుగా పెరుగుతాయి, పైనున్న మన రకం బక్కచిక్కిపోతుంది. మ్యాపులో మాత్రం ఆ మొక్కే అందరికంటే పచ్చన! అందుకే నేను ఎర్రగా వచ్చిన మొక్కలతో పాటు మరీ పచ్చగా వచ్చిన వాటి దగ్గరికీ వెళ్లి చూడమంటాను.

ఇంకో మాట. ఆ ఎరుపు, పసుపు రంగులు సాఫ్ట్‌వేర్ వేసేవి. చాలాసార్లు అది ఆ రోజు తోటలోని అతి తక్కువ అంకెకు ఎరుపు, అతి ఎక్కువ అంకెకు పచ్చ ఇస్తుంది. కాబట్టి మంచి తోటలో కూడా ఎక్కడో ఒకచోట ఎరుపు వస్తుంది. పోయిన నెల మ్యాపుతో పోల్చాలంటే రెండింటికీ ఒకే కొలమానం పెట్టమని అడగండి. ఎగరేసే ముందు క్యాలిబ్రేషన్ పలక (ఆ రోజు వెలుతురుకు తగ్గట్టు అంకెలను సరిచేయడానికి వాడేది) ఫొటో తీశారా అని కూడా అడగండి.

అపోహ: తెగులు పేరు డ్రోనే చెప్పేస్తుంది.

వాస్తవం: "రోగం పేరు గూడ చెప్తదా సార్?" అని ఆశగా అడుగుతారు. చెప్పదు. ఎక్కడ తేడా ఉందో చూపిస్తుంది, ఎందుకో చెప్పలేదు. జడ్చర్ల దగ్గర ఒక తోటలో వరుసల చివర్లు మాత్రమే పసుపు పచ్చగా వచ్చాయి. రైతు ఇనుము లోపమనుకుని మందు తేవడానికి సిద్ధమయ్యారు. ఇద్దరం నడిచి చూస్తే, బోరు నీళ్లలోని సున్నం పేరుకుని లేటరల్ (వరుస వెంట వేసే డ్రిప్పు పైపు) చివరి డ్రిప్పర్లు మూసుకుపోయాయి. యాసిడ్ ట్రీట్‌మెంట్ చేసి, చివరి మూతలు విప్పి పైపులు కడిగితే సరిపోయింది.

బూజు తెగులు విషయంలో అయితే డ్రోన్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. తెల్లటి బూజు ఆకు అడుగున వస్తుంది, కెమెరా చూసేది పైభాగం. మ్యాపులో తేడా కనిపించేసరికి తెగులు పాకిపోయి ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో ఆకు తిప్పి చూడాల్సిందే.

అపోహ: ఎత్తు నుంచి తీసినా ఫలితం ఒకటే, పని తొందరగా అవుతుంది.

వాస్తవం: నేను వాడే మల్టీస్పెక్ట్రల్ కెమెరాతో (ఎరుపు, సమీప పరారుణ కాంతులను విడివిడిగా కొలిచేది) 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద సుమారు 5 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న మొక్కకు దక్కేవి 36 చుక్కలు. అంచుల్లోని వాటిలో ఆకు, మట్టి కలిసిపోతాయి. 30 మీటర్ల నుంచి తీస్తే చుక్క సుమారు ఒకటిన్నర సెంటీమీటరు, అదే మొక్కకు 400 చుక్కలు. బ్యాటరీలు ఎక్కువ అవుతాయి, నిజమే. కానీ లేత తోటకు తక్కువ ఎత్తే కావాలి.

అపోహ: ఎదుగుదల మొత్తం పైనుంచే తెలుస్తుంది.

వాస్తవం: మొదటి ఏడాది తీగ వెదురు కర్ర పట్టుకుని నిలువుగా ఎక్కుతుంది. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాకు రెండడుగుల తీగ, నాలుగడుగుల తీగ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. కెమెరాను ఏటవాలుగా పెట్టి కొన్ని వరుసలు తీయాలి, లేదా టేపు పట్టుకుని కొలవాలి.

అపోహ: మందు కొట్టే డ్రోన్ ఉంటే చాలు.

వాస్తవం: అది ట్యాంకు మోసే బండి. మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉన్న సర్వే డ్రోన్ వేరు.

అపోహ: నా పొలం మీద నేను ఎగరేసుకుంటే రూల్స్ ఎందుకు?

వాస్తవం: డ్రోన్ రూల్స్ 2021 పొలాలకూ వర్తిస్తాయి. గ్రీన్ జోన్‌లో (ఎయిర్‌స్పేస్ మ్యాపులో పచ్చగా చూపిన ప్రాంతంలో) 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. షాద్‌నగర్ వైపు వాళ్లు శంషాబాద్ విమానాశ్రయం ఉందని గుర్తుపెట్టుకుని, ముందుగా ఎయిర్‌స్పేస్ మ్యాపు చూసుకోవాలి.

అపోహ: ఇన్ని చిక్కులుంటే లేత తోటకు డ్రోన్ దండగే.

వాస్తవం: కాదు. 10 x 6 అడుగుల ఎడంలో ఎకరానికి 726 మొక్కలు, ఐదెకరాలకు 3,630. వాటిలో చచ్చినవి ఎన్నో నడిచి లెక్కపెడుతుంటే మధ్యలో ఎక్కడో లెక్క తప్పుతుంది. కలుపు తీసిన మర్నాడు, ఎండ నడినెత్తి మీదున్నప్పుడు మామూలు కెమెరాతో ఒక్కసారి ఎగరేస్తే చాలు. ఏ వరుసలో ఎన్నో మొక్క లేదో కాగితం మీద రాసి ఇస్తాను. ఆ వారమే నర్సరీకి ఫోన్ చేసి అన్ని మొక్కలే తెప్పించుకోవచ్చు.