దసరాకు పాలపిట్టను కుడదాం

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

ఈసారి దసరా పందిరి పక్కనే పిట్టల ఎంబ్రాయిడరీ ప్రదర్శన పెడతారని విని ఎంత సంతోషించానో! ఏ పిట్టతో మొదలుపెట్టాలని అడిగారు కదా, పాలపిట్టతో మొదలుపెట్టండి. రామచిలుక తేలికే, లకుముకిపిట్ట ముద్దుగానే ఉంటుంది. అయినా నా ఓటు పాలపిట్టకే. అది ఎందుకో ముందు చెబుతాను.

దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని మనవాళ్ల నమ్మకం. ఊరి బయటికి వెళ్లి చేల గట్ల మీదా, తీగల మీదా వెతికి చూసి రావడం పాత ఆనవాయితీ. ఇప్పుడు కొన్నిచోట్ల దాన్ని ముందుగానే పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తున్నారు. మిడతలనూ పురుగులనూ వేటాడి బతికే పిట్ట అలా ఎన్నాళ్లుంటుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టుకోవడాన్ని నేరమంటోంది. ఉమ్మడి రాష్ట్రానికీ, 2014 నుంచి తెలంగాణకూ అదే రాష్ట్ర పక్షి. అంత గౌరవమిచ్చి పంజరంలో పెట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే పండగ నాడు జనం మీ గుడ్డ మీది పాలపిట్టను చూడటానికి రావాలని నా కోరిక.

ఇక పని సంగతి. సూది పట్టేముందు పిట్టను తనివితీరా చూడండి. ఊరి చివర కరెంటు తీగ మీద ఒంటరిగా కూర్చుని, నేలవైపు చూస్తూ ఉంటుంది. కూర్చున్నప్పుడు వీపంతా మట్టిరంగు. గొంతు, రొమ్ము లేత వంకాయ రంగు కలిసిన గోధుమ వన్నె, గొంతు మీద సన్నని తెల్లటి చారలు. నడినెత్తి మాత్రం నీలం. ఇంతేనా అనుకునేలోపు ఎగురుతుంది. అప్పుడు విప్పుకుంటాయి, ముదురు నీలం, లేత నీలం పట్టీలున్న ఆ రెక్కలు! మీరు కుట్టేది ఎగిరే పిట్టే కావాలి. ఇంటర్నెట్‌లో ఎవరో తీసిన ఫోటో చూసి గీయాలనుకుంటే ముందు వారి అనుమతి అడగండి, ప్రదర్శనలో వారి పేరు రాయండి.

ఆ నీలం ఎలా వస్తుందో తెలుసా? ఈకలో నీలం రంగు పదార్థమేమీ ఉండదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుగులోని నీలాన్ని వెనక్కి చిమ్ముతుంది, మన కంటికి అది రంగుగా తోస్తుంది. మన దారంలో ఉన్నది మామూలు అద్దకం రంగే. అయితే ఎంబ్రాయిడరీ దారానికి మెరుపు ఉంటుంది కాబట్టి వెలుగుతో మనమూ కొంచెం ఆడుకోవచ్చు. ఒకే నీలం దారంతో కొన్ని కుట్లు నిలువుగా, కొన్ని ఏటవాలుగా వేసి, గుడ్డను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూడండి. ఒకచోట ముదురుగా, మరోచోట లేతగా కనిపిస్తుంది. కాబట్టి పది రకాల నీలం దారాలు కొనడం కన్నా కుట్టు ఏ దిక్కుకు పడుతోందో చూసుకోవడమే ముఖ్యం. ఈక ఎటు వాలితే కుట్టూ అటే వాలాలి. గుడ్డ మీద పెన్సిలుతో చిన్న చిన్న బాణం గుర్తులు పెట్టుకుంటే చెయ్యి దారి తప్పదు.

తోక దగ్గర మొదలుపెట్టి తల వైపు రండి. పెంకుటిల్లు కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లినట్టే ఇదీ. పై వరుస కుట్లు కింది వరుస మొదళ్లను కప్పుతూ పోతే ఈకలు ఒకదానిమీద ఒకటి వాలినట్టు వస్తాయి. వరుసలో ఒక కుట్టు పొడుగు, పక్కది పొట్టి. తర్వాతి రంగు ఆ సందుల్లోకి దిగితే రెండు నీలాల మధ్య గీత కనబడదు. దారంలో ఆరు పోగులుంటాయి. రెక్కకు రెండు పోగులు, తలకూ గొంతుకూ ఒక్క పోగు చాలు. మూరెడు దారమే తీసుకోండి, ఎక్కువైతే గుడ్డలోంచి లాగిలాగి నూగు రేగుతుంది, మెరుపూ పోతుంది. కాళ్లకు, పక్కన కొమ్మ వేస్తే దానికీ, కుట్టు పక్కన కుట్టు ఒరిగి సన్నని తాడులా సాగే కాడకుట్టు సరిపోతుంది.

కన్ను చివరన కుట్టండి. నల్లటి ఒంటిపోగుతో గుండ్రంగా నింపి, పైభాగాన ఓరగా ఒకే ఒక తెల్లటి కుట్టు, ఆవగింజలో సగం. ఆ కుట్టు పడిన క్షణాన పిట్ట మిమ్మల్ని చూస్తుంది! ఈ పని మాత్రం పగటి వెలుతురులోనే చేయాలి.

పూర్తయ్యాక చన్నీళ్లలో ముంచి తీసి, నీడలో ఆరబెట్టి, మందపాటి తువ్వాలు మీద బోర్లా పరిచి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. ముందువైపు చేస్తే కుట్లు అణిగిపోతాయి. అట్టకు జిగురుతో అంటించవద్దు, కొన్నాళ్లకు గుడ్డ మీద పసుపు మరకలు తేలతాయి. అట్ట వెనక దారంతోనే అటూ ఇటూ లాగి కట్టండి. అద్దం పెడితే కుట్లకు తగలకుండా సందు ఉండాలి.

ప్రదర్శనలో ఫ్రేములు మరీ ఎత్తున వేలాడదీయకండి, చిన్నపిల్లలకూ అందాలి. ఒక్కో పిట్ట కింద దాని తెలుగు పేరు, దాన్ని మీరు ఎక్కడ, ఏ రోజు చూశారో రాయండి. ఎన్ని గంటలు కుట్టారో కూడా రాయండి, చేతిపని విలువ జనానికి తెలియాలి. చూడవచ్చే వాళ్లలో రైతులుంటారు, గొర్రెల కాపరులుంటారు. "ఇది మా చేను పక్క చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుందమ్మా" అని ఎవరైనా అంటే వెంటనే పుస్తకంలో రాసుకోండి. అందుకోసమే బల్ల మీద ఒక నోటు పుస్తకం, పెన్ను ఉంచండి. పక్కనే సగం కుట్టిన ఫ్రేము పెట్టి, వచ్చినవాళ్లు ఒక కుట్టు వేయగలిగితే ఇంకా మంచిది.

ఆ తర్వాత నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. పక్షుల కోసం జీవితమంతా తిరిగిన సలీం అలీ పుట్టినరోజు దానికి రెండు రోజుల ముందే, 12న. అవే ఫ్రేములను మన శాఖా గ్రంథాలయంలో పెట్టుకోనిస్తారేమో ఇప్పుడే వెళ్లి అడిగి రండి.

నా దగ్గర నీలం దారాలు చాలానే ఉన్నాయి. ఎవరెవరికి ముదురు కావాలో, ఎవరికి లేత కావాలో పేర్లతో సహా రాసి పంపండి, వారంలోపు పార్సిల్ చేస్తాను.

మీ
పెద్దమ్మ