‘జర్మన్ వచ్చా?’ – స్వీయ మూల్యాంకన పోర్ట్‌ఫోలియో గురించి అపోహలు, వాస్తవాలు

మన బయోడేటాల్లో ‘తెలిసిన భాషలు’ అని ఒక గడి ఉండేది. దాని పక్కన చదవడం, రాయడం, మాట్లాడటం అని మూడు వరసలు. టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. హైదరాబాదులో జర్మన్ నేర్పడం మొదలుపెట్టి నాకు పద్నాలుగేళ్లయింది. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌లో చేరేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మొదట అడిగేది ఒకటే: ‘ఎన్ని నెలల్లో వస్తుందండీ?’ తెలుగులో భాష ‘వస్తుంది’. ఈత వచ్చు, సైకిలు వచ్చు, జర్మన్ వచ్చు. లేదంటే రాదు. ఆ రెంటికీ మధ్య మెట్టు లేదు.

నేను నా విద్యార్థుల చేత రాయించేవి ‘వచ్చు’ వాక్యాలు కావు, ‘గలను’ వాక్యాలు. ‘రైల్వే స్టేషన్‌లో టికెట్ అడిగి కొనగలను.’ ‘ఇంటి యజమానికి రెండు వరసల ఈమెయిల్ రాయగలను.’ ఒక్కో వాక్యం పక్కన తేదీ, ఆ పక్కన రుజువు. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 1991 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని ర్యూష్లికోన్‌లో, యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ జరిపిన సదస్సు రెండు పనులు చేయాలని సూచించింది. ఒకటి, అన్ని భాషలకూ పనికొచ్చే స్థాయిల చట్రం. 2001లో వచ్చిన ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అనే ఆరు మెట్లు అవే, ఏ1 అన్నిటికంటే కిందిది. రెండోది, ఆ మెట్లపై తాను ఎక్కడున్నాడో నేర్చుకునేవాడే చూసుకోవడానికి ఒక పోర్ట్‌ఫోలియో. మొదటిది ప్రపంచమంతా పాకింది. రెండోదాని గురించి తోటి ఉపాధ్యాయులకే సరిగా తెలియదు, తెలిసినవాళ్లలోనూ సగం మందికి అపోహలే.

అపోహ: ఎవరికి వాళ్లే అంచనా వేసుకుంటే అందరూ నూటికి నూరు వేసుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. నేనూ నమ్మినదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నర్సింగ్ పూర్తిచేసి జర్మనీ వెళ్లాలనుకుంటున్న ఒక అమ్మాయి ఏ1 ముగిసేలోగా ‘అంకెలు విని అర్థం చేసుకోగలను’ అన్న వాక్యానికి టిక్ పెట్టింది. అబద్ధం కాదు. ఒకటి నుంచి వంద వరకు గడగడా చెబుతుంది. అయితే జర్మన్‌లో ఇరవై ఒకటి నుంచి పైకి ఒకట్లు ముందు, పదులు తరవాత. నలభై ఏడును వాళ్లు ‘ఏడూ నలభై’ అంటారు, జీబెన్ ఉంట్ ఫియర్ట్సిష్. ఫోను నంబర్లను చాలామంది రెండేసి అంకెలుగా చెబుతారు. నేను పది అంకెల నంబరు ఒకటి జంటలుగా, ఒకే ఒక్కసారి, మామూలు వేగంతో చదివాను. అయిదు జంటల్లో మూడు తిరగబడ్డాయి. 47 కాస్తా 74 అయింది. ఆసుపత్రిలో గది నంబరో, రోగి ఇంటి ఫోనో అయితే సంగతేమిటని నేను అడగలేదు. ఆ అమ్మాయి మొహమే అడిగింది.

ఆ పూటే వాక్యం మార్చి రాసింది: ‘ఒక్కసారి చెప్పిన ఫోను నంబరును తప్పు లేకుండా రాసుకోగలను.’ పక్కన టిక్ లేదు, పెన్సిలుతో ఒక చుక్క మాత్రం ఉంది. టిక్ పడటానికి మూడు వారాలు పట్టింది. రుజువు గడిలో తప్పుల కాగితం, ఒప్పుల కాగితం రెండూ అతికించి ఉన్నాయి.

ఇక్కడ తప్పు అమ్మాయిది కాదు, మొదటి వాక్యానిది. అది చేటంత వెడల్పుగా ఉంది, అందులో ఎవరైనా పడతారు. వాక్యం ఎంత సన్నగా ఉంటే అంచనా అంత నికరంగా ఉంటుంది. 1998లో స్టీవెన్ రాస్ అనే పరిశోధకుడు భాషల్లో స్వీయ అంచనాపై అప్పటివరకు జరిగిన అధ్యయనాలెన్నింటినో కలిపి చూసి తేల్చిందీ ఈ దారిలోనిదే: నేర్చుకునేవాళ్లు తాము నిజంగా చేసి చూసిన పనుల విషయంలో తమను బాగా అంచనా వేసుకోగలరు, చేయని పనుల విషయంలో తడబడతారు. అందుకే నా తరగతిలో నియమం ఒకటి ఉంది. ముందు పని, తరవాతే టిక్.

ఇంకో రకం పొరపాటు గురించి ఎవరూ మాట్లాడరు. బడిలో ఎప్పుడూ ముందుండిన పిల్లలు తమను తక్కువ చేసుకుంటారు. తమ జర్మన్‌ను తమ ఇంగ్లిషుతో పోల్చుకుని ‘నాకేమీ రాదు మేడమ్’ అంటారు. పదిహేనేళ్ల ఇంగ్లిషు పక్కన నాలుగు నెలల జర్మన్ ఏం నిలుస్తుంది! వీళ్లకు మూడు నెలల కిందటి వాళ్ల సొంత గొంతు వినిపిస్తే చాలు. మొదటి వారంలో ఫోనులో రికార్డు చేసిన స్వపరిచయం ఇందుకే దాచిపెట్టిస్తాను.

అయితే నూటికి నూరు వేసుకున్న బ్యాచ్ ఒకటి నాకూ తగిలింది. అప్పుడు పనిచేస్తున్న చోట పోర్ట్‌ఫోలియోకు పది ఇంటర్నల్ మార్కులు పెట్టమన్నారు, పెట్టాను. ఆ బ్యాచ్‌లో తరగతి మొత్తం ఏ2కు చేరిపోయింది, కాగితం మీద. మార్కు ముడిపెట్టిన రోజున నిజాయతీ గుమ్మం దాటి వెళ్లిపోతుంది. ఆ తరవాత ఎవరు అడిగినా ఒప్పుకోలేదు.

అపోహ: ఇది ఉంటే పరీక్ష అక్కర్లేదు.

పరీక్ష ఎలాగూ ఉంటుంది. వీసా అధికారి మీ టిక్కులు చూడడు, సర్టిఫికెట్ చూస్తాడు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బీ2 కావాలి, దానికి పరీక్ష రాయాల్సిందే.

పోర్ట్‌ఫోలియో ఉపయోగం పరీక్షకు ముందు తెలుస్తుంది. జర్మన్ పరీక్షలు జరిపే గోథె సంస్థ బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు విభాగాలు. ఒక్కోదానికి వంద మార్కులు, అరవై వస్తే ఉత్తీర్ణత. విడివిడిగానూ రాసుకోవచ్చు. ఒక విద్యార్థి మూడు దాటి, మాట్లాడటంలో ఆగిపోయాడు. దురదృష్టం అన్నాడు. ఇద్దరం కూర్చుని అతని ఫైలు తిరగేశాం. నాలుగు నెలల్లో రాసిన ఉత్తరాలు, ఈమెయిళ్లు పదకొండు ఉన్నాయి. మాట్లాడిన రికార్డింగులు రెండంటే రెండు, అందులో ఒకటి నేను బలవంతంగా చేయించింది. టిక్కుల కంటే ఆ ఖాళీలే ఎక్కువ చెప్పాయి. పరీక్షకు రెండు నెలల ముందే ఆ ఫైలు తెరవని తప్పు మా ఇద్దరిదీ.

అపోహ: పోర్ట్‌ఫోలియో అంటే రికార్డు పుస్తకమే కదా.

ఈ మాట విన్నప్పుడల్లా ఇంటర్‌లో నా కెమిస్ట్రీ రికార్డు గుర్తుకొస్తుంది. సీనియర్ అక్క రికార్డు ముందు పెట్టుకుని, కుడి పేజీ పెన్నుతో, ఎడమ పేజీ పెన్సిలుతో, వారం ముందు కూర్చుని రాసి, అట్ట వేసి, సంతకం పెట్టించుకున్నాం. ప్రయోగం చేశామా అంటే చేశాం, అది వేరే సంగతి. మన దగ్గర ఫైలు అనగానే పిల్లలు స్కెచ్ పెన్నులు తీస్తారు. ప్రాజెక్టు పనులు బజారులో రెడీమేడ్‌గా దొరుకుతున్న రోజులివి.

యూరోపియన్ పోర్ట్‌ఫోలియోలో మూడు భాగాలు. భాషా పాస్‌పోర్టులో ఏ భాషలో ఏ నైపుణ్యం ఏ స్థాయిలో ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. భాషా జీవితకథలో ఏ భాష ఎలా నేర్చుకున్నాను, ఎక్కడ తడబడుతున్నాను, తరవాత ఏం చేయాలనుకుంటున్నాను అన్నవి రాస్తారు. మూడోది దస్త్రం, అంటే పనుల నమూనాలు. రికార్డు పుస్తకంతో కలగాపులగం అయ్యేది ఈ మూడోదే. రికార్డులో కొట్టివేత ఉండకూడదు. దస్త్రంలో కొట్టివేత లేకపోతే నాకు అనుమానం వస్తుంది.

మొన్నటి బ్యాచ్‌లో ఒక కుర్రవాడి పేజీ చూపిస్తాను. నిన్న ఏం చేశావని స్నేహితుడికి రాసిన ఈమెయిల్. నీలం సిరాలో ‘ఇష్ హాబె గెగాంగెన్’, ‘నేను వెళ్లాను’ అని అతని ఉద్దేశం. పది రోజుల తరవాత ఆకుపచ్చ సిరాలో ‘హాబె’ కొట్టేసి ‘బిన్’ అని రాసుకున్నాడు. ఒకచోటి నుంచి మరోచోటికి కదలికను చెప్పే క్రియలకు సాధారణంగా ‘హాబెన్’ కాదు, ‘జైన్’ సాయం వస్తుంది. ‘నేను’తో అవి ‘హాబె’, ‘బిన్’ అవుతాయి. అంచున తెలుగులో ఒక ముక్క: ‘వెళ్లితే బిన్, తింటే హాబె.’ వ్యాకరణంగా చూస్తే అసంపూర్ణం. నేను దిద్దలేదు. ఆ ముక్క అతనిది, దాన్ని పట్టుకునే అతను నెలరోజులు లాక్కొచ్చాడు. పుస్తకంలోని నియమం ఆ పైన కలిసింది.

అపోహ: ‘గలను’ వాక్యాలు నేర్చుకుంటున్న భాషలోనే ఉండాలి.

మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం ఇది. మొదటి రోజే తొంభైకి పైగా వాక్యాల జాబితా, అంతా జర్మన్‌లో, ముప్పై మందికి పంచాను. పది నిమిషాల్లో తొంభై టిక్కులు పడ్డాయి. ఒక అబ్బాయి ‘ఎక్కడ సంతకం పెట్టాలి మేడమ్?’ అన్నాడు. బ్యాంకు ఫారం అనుకున్నాడు పాపం.

సరే, తెలుగులోకి మారుద్దామని మార్చాను. ‘సుపరిచితమైన దైనందిన వ్యక్తీకరణలను అవగాహన చేసుకోగలను.’ దీనికంటే జర్మనే నయం అన్నారు. చివరికి పిల్లలే రాశారు: ‘రైలు వేరే ప్లాట్‌ఫారానికి మారిందని మైకులో చెబితే కొత్త నంబరు పట్టుకోగలను.’ ‘హాల్ప్ ఆఖ్ట్ అంటే ఏ టైముకు వెళ్లాలో తడుముకోకుండా చెప్పగలను.’ ఈ రెండో వాక్యం వెనక కథ ఉంది. మాటకు మాట చూస్తే అది ‘సగం ఎనిమిది’. తెలుగువాడికి ఎనిమిదిన్నర అనిపిస్తుంది. జర్మనుల లెక్కలో ఎనిమిదో గంట సగం గడిచింది, అంటే ఏడున్నర. నా విద్యార్థి ఒకడు ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు గంట ఆలస్యంగా చేరి నేర్చుకున్న పాఠం అది. అచ్చయిన ఏ జాబితాలోనూ నాకు ఈ వాక్యం కనిపించలేదు.

ఏ2 దాటాక ఒక్కొక్కటిగా జర్మన్‌లోకి మార్చుకుంటారు. తొందర లేదు.

అపోహ: ఉపాధ్యాయుడికి ఇది అదనపు చాకిరీ.

ఇందులో నిజం ఉంది, కాదంటే నమ్మకండి. యూరప్‌లోనే 2001 నుంచి 2010 దాకా వందకు పైగా నమూనాలకు కౌన్సిల్ ఆఫ్ యూరప్ గుర్తింపు ఇచ్చింది. వాటిలో చాలా వరకు అల్మారాల్లో మూలపడ్డాయి. కారణం సులువే. పాఠ్యపుస్తకం ఒక దారి, పరీక్ష ఒక దారి, పోర్ట్‌ఫోలియో మూడో దారి అయ్యాయి. ఐర్లండులో వలస కుటుంబాల పిల్లలకు ఇంగ్లిషు నేర్పేటప్పుడు మాత్రం దీన్ని పాఠ్య ప్రణాళికతోనే ముడివేశారు, అక్కడ పాఠం జరిగినన్నాళ్లూ పిల్లలతో పాటు అదీ నడిచింది.

నా లెక్క ఇది. ఒకసారికి పది వాక్యాలకు మించి ఇవ్వను. అవి ఆ నెల పాఠాల్లోంచే వస్తాయి. శుక్రవారం తరగతిలో చివరి పదిహేను నిమిషాలు ఫైళ్లకు. వారానికి అయిదుగురి ఫైళ్లే చూస్తాను, మిగతావి పక్కవాళ్లు చూసుకుంటారు. పక్కవాడు ‘ఏదీ, రుజువు చూపించు’ అంటే చూపించాలి. ఆ ఒక్క ప్రశ్న నా పని సగం తగ్గించింది. నేను అడిగితే బెదురుతారు, స్నేహితుడు అడిగితే రోషం వస్తుంది.

యాప్‌లు వాడాలా అని అడుగుతారు. ఫోనులో ఒక ఫోల్డరు, చేతిలో ఒక నోటుపుస్తకం చాలు. రికార్డింగు పేరులో తేదీ ఉండాలి, అంతే.

అపోహ: నేర్చుకుంటున్న ఒక్క భాష గురించి రాస్తే సరిపోతుంది.

పాస్‌పోర్టులో అన్ని భాషలూ రాయాలి. అది కచ్చితంగా యూరప్ భాషే అయి ఉండాలని నియమం లేదు. పాతబస్తీ నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన పాస్‌పోర్టులో జర్మన్ కాక అయిదు భాషలు రాసింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిషు, టీవీలో హిందీ. అరబ్బీ దగ్గర మాత్రం ‘చదవగలను, అర్థం చేసుకోలేను’ అని ఉంది. బయోడేటా గడిలో ఇమడని మాట అది. తరగతిలో జర్మన్ అక్షరాల మీద నుంచి అందరికంటే చురుగ్గా గొంతు నడిపించేది ఆ అమ్మాయే. అర్థం పక్కన పెట్టి శబ్దాన్ని శుద్ధంగా పలకడం చిన్నప్పటి నుంచి అలవాటు. భాషా జీవితకథ రాసేదాకా ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఈ పాస్‌పోర్టు కాగితమే ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న మా పిన్ని మనవడికి పంపాను. పదకొండేళ్లవాడు. జర్మన్, ఇంగ్లిషు వరసలు చకచకా నింపాడు. తెలుగు దగ్గర ఆగాడు. చదవడం సున్నా, రాయడం సున్నా, మాట్లాడటం ‘కొంచెం’. వినడం గడిలో అమ్మ చేత తెలుగులో రాయించుకున్నాడు: ‘తాతయ్య ఫోనులో జోకు చెబితే నవ్వాల్సిన చోట నవ్వగలను.’ రుజువు గడిలో ఏం అతికించాలో వాడికి ఇంకా తేలలేదు.