పిట్ట నోట్లో నీళ్ళు పోయకండి: గాయపడ్డ పక్షుల గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన వేసవిలో ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని ఒక పిగిలిపిట్టను తెచ్చారు. పెరట్లో పిల్లి పట్టుకుంటే విడిపించారట. రెక్క దగ్గర చిన్న గాటు. దానిమీద పసుపు, పసుపు మీద కొబ్బరినూనె. ముక్కు చుట్టూ పాలు ఎండి అట్ట కట్టాయి. ఊపిరి తీసినప్పుడల్లా లోపల గురగురమంటోంది. "డ్రాపర్‌తో పట్టాం డాక్టర్‌గారూ, బాగా తాగింది" అంది పాప. తాగలేదు. ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆ గాటుకైతే నా దగ్గర మందుంది, పాలకు లేదు. పాప ముందు ఆ మాట అనలేకపోయాను.

అపోహ: ముందు నోట్లో నాలుగు చుక్కలు పోయాలి.

వాస్తవం: పక్షి నోరు తెరిస్తే నాలుక మొదట్లోనే చిన్న రంధ్రం మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది. అదే ఊపిరిగొట్టం. మనకున్నట్టు దానిమీద మూత ఉండదు. తనంతట తాను తాగినప్పుడు ఆ రంధ్రాన్ని మూసుకుంటుంది, మనం పోస్తే ఆ తీరిక దానికి దొరకదు. పాలైతే ఇంకో చిక్కు. పాలల్లో ఉండే చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, పక్షులు అరిగించుకోలేవు. పాలల్లో నానబెట్టిన బ్రెడ్డూ అంతే. (పావురాలు పిల్లలకు 'పాలు' పడతాయి కదా అని అడుగుతారు. అవి గొంతుసంచిలో తయారయ్యే గుజ్జు. పేరుకే పాలు, అందులో లాక్టోజ్ ఉండదు.)

అపోహ: చేతిలో ఒదిగి కళ్ళు మూసుకుంది, మనమీద నమ్మకం కుదిరింది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. అడవి పక్షి దృష్టిలో మనం దాన్ని తినడానికి వచ్చిన పెద్ద జంతువులం. పారిపోయే దారి లేక బిగుసుకుపోతుంది. మనం నిమురుతున్నకొద్దీ దాని గుండెదడ పెరుగుతుంది. పైగా పక్షులకు మనలా డయాఫ్రం (ఊపిరి ఆడించే కండరపు పొర) లేదు, రొమ్ము ఎముక కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. జారిపోతుందేమోనని ప్రేమగా గుప్పెట బిగిస్తే ఊపిరాడక చేతిలోనే పోతుంది.

అందుకే మొదటి మందు చెప్పుల డబ్బా. పిట్టను పెట్టకముందే డబ్బాకు నాలుగు చిల్లులు పొడవండి. అడుగున పాత బనియన్ గుడ్డ పరవండి. తువ్వాలు వద్దు, పోగుల్లో గోళ్ళు చిక్కుకుంటాయి. పైన మరో గుడ్డ వేసి పట్టుకుని లోపల పెట్టి, మూత వేసి, ఎండా ఏసీ గాలీ తగలని మూల ఉంచండి. అయిదు నిమిషాలకోసారి మూత తీసి చూడొద్దు. ఎదురింటివాళ్ళకు చూపించొద్దు, వాట్సాప్ వీడియో అసలొద్దు. కిటికీ అద్దానికి గుద్దుకుని సొమ్మసిల్లిన పిట్టల్లో కొన్ని గంటా రెండు గంటల చీకటితోనే తేరుకుంటాయి. రెక్క వేలాడినా, తల ఒక పక్కకు వాలిపోతున్నా ఆగకుండా తీసుకురండి.

అపోహ: ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం.

వాస్తవం: పక్షి ఒంటి వేడి మామూలుగానే 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. తడిగుడ్డ చుట్టొద్దు. మన నొప్పి మాత్రలు అరగదీసి పట్టడం అంతకన్నా ప్రమాదం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా ఒంట్లో చేరి, కిడ్నీలు పాడై మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించాల్సి వచ్చింది.

అపోహ: పిల్లి పట్టినా రక్తం రాలేదు, వదిలేయొచ్చు.

వాస్తవం: పిల్లి పన్ను సూదిలా దిగుతుంది, ఈకల కింద గాటు కనబడదు. దాని నోట్లోని బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే పిట్టను చంపేయగలదు. అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. పసుపూ నూనే దీనికి పనిచేయవు సరికదా, నూనె పట్టిన ఈకలతో అది ఎగరలేదు కూడా.

అపోహ: మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదు.

వాస్తవం: రానిస్తుంది. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టేయండి. గూడు పడిపోతే చిల్లులున్న చిన్న బుట్టలో కొబ్బరిపీచు వేసి అదే చెట్టుకు కట్టి, ఇంట్లోకి వెళ్ళి కిటికీలోంచి చూడండి. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, గెంతుతుంటే అది తప్పిపోయిన పిల్ల కాదు. పిగిలిపిట్ట పిల్లలు ఎగరడం సరిగా రాకముందే, సుమారు 12 రోజులకు గూడు వదిలేస్తాయి. తల్లీ తండ్రీ దగ్గర్లోనే ఉంటాయి. మీరు కట్టేయాల్సింది మీ పిల్లిని.

అపోహ: మాంజా చుట్టుకుంటే వెంటనే లాగేయాలి.

వాస్తవం: సంక్రాంతికి వచ్చే కేసులు చాలావరకు ఇవే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా గద్దల రెక్కల్లో ఇప్పటికీ అదే కనిపిస్తోంది. లాగితే రెక్క ముందుభాగంలోని పల్చటి చర్మం చీలిపోతుంది. చెట్టుకున్న కొసను కత్తిరించి, గాయంలో దిగిన దారాన్ని అలాగే ఉంచి తీసుకురండి.

అపోహ: తగ్గాక పెంచుకోవచ్చు.

వాస్తవం: రామచిలుకైనా, గోరింకైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పెంచుకోకూడదు. అటవీశాఖకు చెప్పండి. మేం వదలమన్నాక, దొరికిన చోటికే పొద్దున్నే తీసుకెళ్ళండి. సాయంత్రమైతే గూడు వెతుక్కునేలోపు చీకటి పడిపోతుంది. గాల్లోకి విసరకండి. డబ్బాను గోడమీద పెట్టి మూత తీసి, పక్కకు తప్పుకోండి. కాసేపు కదలకుండా కూర్చుంటే కంగారు పడకండి, చుట్టూ చూసుకుని అదే వెళ్తుంది.