ప్లీడరు గారు ఎమ్మెల్యే అయితే మన కేసు ఆయనే చూసుకుంటారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం కూడా ఒక పెద్దాయన అదే మాట అన్నాడు. "మన ఎమ్మెల్యే గారు ప్లీడరే కదా బాబూ, కాగితం వాళ్ల ఇంట్లో ఇచ్చొచ్చాను. ఇక ఆయనే చూసుకుంటారు." ఆ కాగితం కోర్టు సమన్లు. నాకు గుండె ఝల్లుమంది.

నేను జూనియర్ లాయరుగా చేరిన సీనియర్ గారు తర్వాత రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ పదేళ్లూ ఆయన ఆఫీసు ముందుగదిలోనే ఉన్నాను. పొద్దున ఆరింటికే రెండు బెంచీలూ నిండిపోయేవి. ఒకదాని మీద కేసుల వాళ్లు, ఇంకోదాని మీద పింఛన్లు, ఇళ్ల స్థలాల అర్జీలు తెచ్చినవాళ్లు. కాసేపటికి అందరూ కలిసిపోయేవాళ్లు, వాళ్ల కాగితాలూ కలిసిపోయేవి.

అపోహ: ఎమ్మెల్యే లాయరైతే ఒక్క మాట చెప్పి కేసు తేల్చేస్తారు.

వాస్తవం: మీ తరఫున వాదించమని మీరు సంతకం పెట్టిచ్చిన వకాలత్ కోర్టులో పడాలి. అది పడనంతవరకు ఎంత పెద్ద లాయరైనా ఆ కేసులో మీకు ఏమీ కారు. ఇక జడ్జి గారికి చెప్పడమా? హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలు విధుల్లో భాగంగా చేసిన పనుల గురించి శాసనసభలో చర్చించకూడదని రాజ్యాంగం 211వ అధికరణం అంటోంది. సభలోనే ఎత్తకూడని మాటను ఫోన్లో చెప్పి తీర్పు మార్పిస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. క్రిమినల్ కేసు ఎత్తేయాలన్నా పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి.

ఈ నమ్మకం వల్ల పోయేది రోజులు. సివిల్ దావాలో సమన్లు అందాక రిటన్ స్టేట్‌మెంట్, అంటే మన రాతపూర్వక జవాబు, వేయడానికి 30 రోజులు, కారణం చూపిస్తే 90 దాకా. మనం హాజరు కాకుండానే మన మీద తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) అయితే దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులు. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకైతే 90. ఎమ్మెల్యే గారు ఊళ్లో లేరని ఈ లెక్క ఆగదు.

ఒక రైతు మీద ప్రామిసరీ నోటు దావా పడింది. పాపం, సమన్లు అందిన మర్నాడే మా దగ్గరికి తెచ్చాడు. నేను కోర్టులో, సీనియర్ గారు అసెంబ్లీలో. ఆఫీసులో ఎవరో "సార్‌కి ఇస్తాంలే" అని తీసుకున్నారు. అది ఇళ్ల స్థలాల అర్జీల కట్టలోకి వెళ్లిపోయింది. ఏడాదిన్నర తర్వాత డిక్రీ అమలు పిటిషన్ (ఈపీ) మీద కోర్టు అమీనా ఇంటికొస్తే పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడత నలగకుండా దాచుకున్న ఎమ్మెల్యే గారి లెటర్. "ఇది ఉంది కదండీ" అన్నాడు. చదివితే, పంట లోనుకు గడువివ్వమని బ్యాంకు మేనేజరుకు రాసిన లెటర్ అది. ఆ దావాకూ దానికీ ఏ సంబంధమూ లేదు. డిక్రీ రద్దుకు పిటిషన్, దానికి తోడు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వేశాం. డిక్రీలో సగం డబ్బు కోర్టులో కడితేనే అన్నారు. రెండు గేదెలు అమ్మి కట్టాడు. ఆ నోటు మీద అతను అప్పటికే చాలావరకు చెల్లించేశాడు. టైముకి జవాబు వేసి ఉంటే ఆ గేదెలు ఇంట్లోనే ఉండేవి. తప్పు మా ఆఫీసుది, కష్టం అతనిది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎమ్మెల్యే అయితే ప్రాక్టీసు చేయకూడదంటారు. చేయవచ్చు, 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎమ్మెల్యే కావాలంటే లా చదవాలా? అక్కర్లేదు, 173వ అధికరణంలో చదువు ఊసే లేదు, శాసనసభకు 25 ఏళ్లు నిండితే చాలు. ఎమ్మెల్యేని అరెస్టు చేయరా? సభ నడిచే రోజుల్లో, దానికి 40 రోజులు ముందూ వెనకా సివిల్ కేసుల్లో చేయరు. క్రిమినల్ కేసులకు ఆ రక్షణ లేదు.

మరి లా తెలిసిన ఎమ్మెల్యే వల్ల ఉపయోగం లేదా? చాలా ఉంది, అది చట్టం దగ్గర. పి.వి. నరసింహారావు గారు లా చదివి బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్‌గా చేసినవారు. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టం కోసం పట్టుబట్టారు. మా సీనియర్ గారు బిల్లు కాపీ వస్తే రాత్రంతా కూర్చుని క్లాజు క్లాజు చదివేవారు. ఒక "లేదా" ఉండాల్సిన చోట "మరియు" పడితే ఎంతమంది కౌలుదార్లు నష్టపోతారో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించేవారు. కోర్టుకు బిల్డింగ్ లేదని, స్టాఫ్ లేరని సభలో అడగడమూ ఆయన పనే. అలాంటివి అడిగించుకోండి.

ఆ రైతు సంగతి తెలిశాక సీనియర్ గారు ఆ రోజు అన్నం తినలేదు. మర్నాటి నుంచి కోర్టు సీలున్న కాగితం ఏదొచ్చినా కట్టలో పెట్టనివ్వలేదు. దాని వెనక ఎర్ర ఇంకుతో వాయిదా తేదీ రాసి, తెచ్చినవాళ్ల చేతికే ఇచ్చి, అప్పటికప్పుడు లాయరు దగ్గరికి పంపేవాళ్లం. ఫీజు ఇవ్వలేనివాళ్లను కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవల కమిటీకి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఫోన్ 15100. సోమవారం వచ్చిన పెద్దాయనకు ఇంకా 11 రోజులున్నాయి. సమన్లు వెనక్కి తెమ్మని ఎమ్మెల్యే గారి ఇంటికి మనిషిని పంపాను.