సాయంత్రం నాలుగింటికి హీటింగ్ ఎందుకు ఆపాలి?

కోరాపుట్

ఇంగ్లండులో ఉన్న చిరంజీవులు పండు, అమ్ములకు తాతయ్య ఆశీస్సులు.

"నాన్న సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా హీటింగ్ ఆపేస్తానంటున్నాడు, చలి మొదలయ్యేదే అప్పుడు కదా తాతయ్యా?" అని పండు అడిగాడు. మంచి ప్రశ్న. మీ నాన్న రెండు కరెంటు ప్లాన్లు ముందేసుకుని తేల్చుకోలేకుండా ఉన్నాడు గనక మీరే వాడికి సాయం చెయ్యాలి.

ముందు మీ ఇంటిని వెచ్చగా ఉంచే, పెరట్లోని హీట్ పంపు సంగతి. అది వేడిని పుట్టించదు, తోడుతుంది. రాయగడ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో గిలక నుయ్యి ఉండేది. చేద నీళ్లని తయారుచెయ్యదు, ఉన్న నీళ్లని పైకి తెస్తుంది. మీ పంపు కూడా బయటి గాలిలో ఉన్న వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మంచు కురిసే గాలిలో వేడెక్కడిది అంటారేమో. ఉంటుందర్రా! మైనస్ 273 డిగ్రీలకి దిగితే తప్ప వేడి పూర్తిగా పోదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నుయ్యి లోతైతే తోడేవాళ్లకి శ్రమ ఎక్కువ. బయట చలి ముదిరితే మీ పంపుకీ అంతే.

సాయంత్రమయ్యేసరికి ఆ నూతి చుట్టూ ఇసకేస్తే రాలని జనం. పొలం నుంచి వచ్చినవాళ్లు, పశువులకి నీళ్లు పెట్టేవాళ్లు, బిందెలతో ఆడవాళ్లు. అమ్మమ్మ మాత్రం కోడి కుయ్యకముందే లేచి రాతి తొట్టి నింపేసేది. చేంతాడు ఒరుసుకుని గిలక కిర్రుమంటుంటే నాకు మెలకువ వచ్చేది. "సాయంత్రం మన వంతు వదిలేస్తే ఏ పసిబిడ్డ తల్లో తొందరగా ఇంటికి పోతుంది" అనేది. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి.

కరెంటుకీ అలాంటి రద్దీ ఉంది. మీ ముత్తాత మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో పనిచేసేవారు. 1955లో మొదలైన ఆ కరెంటుని ఒడిశా, ఆంధ్ర పంచుకుంటాయి. దీపాలు పెట్టే వేళకి లోడ్ పెరుగుతుంది, టర్బైన్లకి నీళ్లు ఎక్కువ వదలాలి అని చెప్పేవారు. ఇంగ్లండులో ఆ వేళకి గ్యాస్ మండించే కేంద్రాలు మరిన్ని తిప్పాలి. ధర అందుకే ఎక్కువ.

మీ నాన్న చూస్తున్న మొదటి ప్లాన్‌లో రోజంతా ఒకటే ధర. రెండోది కరెంటు అమ్మే ఆక్టోపస్ కంపెనీ వాళ్ల కోజీ అనే ప్లాన్. అందులో తెల్లవారుజామున 4 నుంచి 7, మధ్యాహ్నం 1 నుంచి 4, రాత్రి 10 నుంచి 12 చవక. సాయంత్రం 4 నుంచి 7 బాగా ఖరీదు. మీ దేశంలో ఇది పాత పద్ధతే, 1978లోనే ఎకానమీ 7 అని రాత్రి ఏడు గంటలు చవగ్గా ఇచ్చారు. ఇక్కడ మనకి ఎండే చవక: ఏ వేళ ఎంత వాడామో లెక్కగట్టే స్మార్ట్ మీటరున్నవాళ్లకి ఎండవేళ ధర కనీసం 20 శాతం తగ్గాలని 2023లో కేంద్రం నిబంధన తెచ్చింది.

ఇక మీ ఇల్లే తొట్టి. మధ్యాహ్నం పోసిన వేడి ఏడింటి దాకా నిలిస్తే కోజీ తీసుకోవచ్చు. కిటికీ సందుల్లోంచి కారిపోతుంటే మొదటి ప్లానే నయం. చవక గంటల్లోనే అంతా కుక్కెయ్యాలని గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లలో తిరిగే నీళ్ల వేడి మాత్రం పెంచనివ్వకండి. హడావుడిగా లాగిన చేదలో నీళ్లు సగం ఒలికిపోతాయి. ఆ నీళ్లు 40 డిగ్రీల దగ్గరుంటే పంపు హాయిగా నడుస్తుంది, 55 పెడితే అదే వేడికి కరెంటు ఎక్కువ తాగుతుంది.

బాగా చలిగా ఉన్న రోజు చూసి నాలుగింటికి హీటింగ్ ఆపించండి. హాల్లో థర్మామీటర్ పెట్టి, అరగంటకోసారి అమ్ములు చదవాలి, పండు రాయాలి. ఏడింటికి ఒక డిగ్రీయో ఒకటిన్నరో తగ్గితే సరే. మూడు తగ్గిందంటే ముందు కిటికీల సంగతి చూడమని నాన్నకి చెప్పండి. చూసిన అంకెలు నాకు రాయండి.

మీ తాతయ్య